60 పాటలు, ఒకే వరస

1968లో లండన్‌లో మొదలైన ప్రోగ్రెసివ్ రాక్ బృందం ‘యెస్’. ఆ బృందం పాటలకు ర్యాంకులు ఇవ్వడం గురించి పాఠకులు అడిగినవాటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: యెస్ ఆల్బమ్‌లన్నీ చాలాసార్లు విన్నాను. నచ్చిన పాటల్ని వరసగా రాద్దామని కూర్చుంటే మొదటి మూడు టకటకా వచ్చేస్తాయి, నాలుగో దగ్గర ఆగిపోతాను. రాసిందే కొట్టేసి మళ్లీ రాస్తున్నాను. దీనికో పద్ధతేమైనా ఉందా?

జవాబు: ఉంది. కాకపోతే ముందు హద్దు గీసుకోవాలి. 1969 నాటి తొలి ఆల్బమ్ ‘యెస్’ నుంచి 1980లో వచ్చిన ‘డ్రామా’ దాకా స్టూడియో ఆల్బమ్‌లు పది. ‘యెస్’, ‘టైమ్ అండ్ ఎ వర్డ్’లలో ఎనిమిదేసి పాటలు, ‘ది యెస్ ఆల్బమ్’లో 6, ‘ఫ్రాజైల్’లో 9, ‘క్లోజ్ టు ది ఎడ్జ్’లో 3, ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’లో 4, ‘రిలేయర్’లో 3, ‘గోయింగ్ ఫర్ ది వన్’లో 5, ‘టోర్మాటో’లో 8, ‘డ్రామా’లో 6. మొత్తం 60. ప్రతి పాటనీ మిగతా అన్నిటితో పోల్చాలంటే 1,770 పోలికలు. మీరు ఆగిపోతున్నది అందుకే. నాలుగో స్థానం ఒక్కదాని కోసం 57 పాటలు ఒకేసారి బుర్రలో తిరుగుతున్నాయి.

పనిని రెండు దశలుగా విడదీయండి. పాటకో చీటీ రాసి, మొదట ఏ ఆల్బమ్ పాటల్ని ఆ ఆల్బమ్‌లోనే వరస పెట్టండి. పేకముక్కలు చేతిలో సర్దుకున్నట్టే: రెండు చీటీలు వరసలో పెట్టాక, మూడోది వాటిలో ఎక్కడ దూరుతుందో చూడండి, తరవాత నాలుగోది. ఇలా చేస్తే పది ఆల్బమ్‌లకూ కలిపి 172 పోలికలకు మించే అవకాశమే లేదు, మామూలుగా అంతకన్నా బాగా తక్కువే పడతాయి. చీటీ వెనక, ఆ చోటు ఎందుకిచ్చారో రెండు మాటలు రాసుకోండి. ‘బేస్ నడక’, ‘చివరి మూడు నిమిషాలు’, ‘గొంతులు కలిసిన తీరు’ అని, అంతే. రాస్తున్నప్పుడు చాదస్తంలా అనిపిస్తుంది, చిక్కుముడి పడ్డప్పుడు ఇదే ఆదుకుంటుంది.

రెండో దశలో ప్రతి కట్టలోంచీ పై చీటీ తీసి పదింటినీ బల్ల మీద వరస పెట్టండి. వాటిలో మొదటిది మీ నంబర్ వన్. దాన్ని పక్కన పెట్టి, అదే ఆల్బమ్ కట్టలోంచి తరవాతి చీటీ తీయండి. బల్ల మీద మిగిలిన తొమ్మిదింటిలో దీని చోటు తేల్చాలి కదా, నేరుగా ఐదోదానితో పోల్చండి. దానికన్నా నచ్చితే పై నాలుగింటి వైపు, లేకపోతే కింది నాలుగింటి వైపు వెళ్లి, అక్కడా మధ్యదానితోనే పోల్చండి. ఎక్కువలో ఎక్కువ నాలుగు పోలికల్లో తేలిపోతుంది. ఇలా 20 వచ్చేదాకా తీసి ఆపేయండి. ఆ కింది వరస ఇవాళ ఒకలా రేపు ఒకలా ఉంటుంది, దాని మీద శ్రమ దండగ. ఏదైనా కట్ట ముందే అయిపోతే కంగారు పడొద్దు. ‘క్లోజ్ టు ది ఎడ్జ్’లో ఉన్నవే మూడు పాటలు, అవి మూడూ మొదటి పదిలోనే ఖర్చయిపోవచ్చు. బల్ల మీద తొమ్మిదే ఉంచుకుని సాగండి.

తగిలే చిక్కు ఒకటుంది. ‘సైబీరియన్ ఖాత్రు’ ‘సౌత్ సైడ్ ఆఫ్ ది స్కై’ కన్నా మేలంటారు, అది ‘టర్న్ ఆఫ్ ది సెంచరీ’ కన్నా మేలంటారు, తీరా చూస్తే ‘టర్న్ ఆఫ్ ది సెంచరీ’ ‘సైబీరియన్ ఖాత్రు’ కన్నా మేలని ఇంకోచోట రాసి ఉంటుంది. చీటీలు తిరగేయండి. మొదటి పోలికలో లయ చూశారు, రెండోదాంట్లో ఊపు, మూడోదాంట్లో రాగం. కొలబద్ద మారితే వరస గుండ్రంగా తిరుగుతుంది. మూడింటినీ ఒకే పూట వెంటవెంటనే విని, ఒకే కొలబద్ద పట్టుకుని మళ్లీ తేల్చండి. అప్పటికీ తేలకపోతే మూడింటికీ ఒకే స్థానం ఇచ్చి, దాని తరవాత రెండు స్థానాలు వదిలేయండి.

ప్రశ్న: ‘ఫ్రాజైల్’లో ‘ఫైవ్ పర్ సెంట్ ఫర్ నథింగ్’ 35 సెకన్లు. ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ 18 నిమిషాల పైచిలుకు. ఈ రెండూ ఒకే జాబితాలో ఎలా ఇముడుతాయి? అసలు దేన్ని ‘పాట’ అనాలి?

జవాబు: ఎల్‌పీ రికార్డు అట్ట మీద విడి పేరుతో ఏది ఉంటే అది ఒక పాట. లోపల ఎన్ని భాగాలున్నా సరే. ‘స్టార్‌షిప్ ట్రూపర్’లో మూడు భాగాలకు మూడు పేర్లున్నాయి, ‘అండ్ యు అండ్ ఐ’లో నాలుగు. భాగాలు విడదీయడం మొదలుపెడితే ‘వుర్మ్’ ఒకచోట, ‘లైఫ్ సీకర్’ ఇంకోచోట పడి, చివరికి మీ చేతిలో పాటల జాబితా ఉండదు, ముక్కల జాబితా ఉంటుంది.

‘ఫ్రాజైల్’ దగ్గర మాత్రం కొంచెం తెలివి వాడాలి. 1971లో వచ్చిన ఈ ఆల్బమ్‌లో తొమ్మిదింటిలో నాలుగే బృందం మొత్తం కలిసి కట్టిన పాటలు: ‘రౌండబౌట్’, ‘సౌత్ సైడ్ ఆఫ్ ది స్కై’, ‘లాంగ్ డిస్టెన్స్ రనరౌండ్’, ‘హార్ట్ ఆఫ్ ది సన్‌రైజ్’. మిగతా ఐదూ సభ్యుడికొకటి చొప్పున పంచుకున్నవి. కీబోర్డుల రిక్ వేక్‌మన్ జర్మన్ స్వరకర్త బ్రామ్స్ నాలుగో సింఫనీలోని ఒక భాగాన్ని తన వాద్యాల మీదికి తెచ్చుకున్నాడు. గాయకుడు జాన్ ఆండర్సన్ తన గొంతునే పొరలు పొరలుగా పేర్చి ‘వి హావ్ హెవెన్’ కట్టాడు. మీరన్న 35 సెకన్ల ముక్క డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్‌ది. క్రిస్ స్క్వయర్ బేస్ గిటార్లను ఒకదాని మీద ఒకటి వేసి ‘ది ఫిష్’ కట్టాడు. స్టీవ్ హౌ ఒంటరి గిటార్ ‘మూడ్ ఫర్ ఎ డే’.

ఈ ఐదింటిలో ‘మూడ్ ఫర్ ఎ డే’ ఎక్కడైనా తన కాళ్ల మీద తను నిలబడుతుంది, దానికి విడి చీటీ ఇవ్వండి. ‘ది ఫిష్’ మటుకు ‘లాంగ్ డిస్టెన్స్ రనరౌండ్’ ఆగకుండానే అందులోంచి పుట్టుకొస్తుంది. రెంటినీ ఒకే చీటీ మీద రాయడమే నయం, అప్పుడు మీ మొత్తం 59. ‘వి హావ్ హెవెన్’ చివర తలుపు పడిన చప్పుడు, పరుగెత్తే అడుగులు వినిపించి ‘సౌత్ సైడ్’ తాలూకు గాలిలోకి తీసుకెళతాయి. కానీ ఇవి రెండూ సంగీతపరంగా వేరు, విడిగానే ఉంచొచ్చు. ఇలాంటి కలయికలు ఉన్నాయి కాబట్టే షఫుల్‌లో విని ర్యాంకులు ఇవ్వకూడదు. ప్లేయర్‌లో పాటకీ పాటకీ మధ్య ఖాళీ రాకుండా గ్యాప్‌లెస్ ఆన్ చేసుకోండి.

ఇక నిడివి. పొడుగు పాటలో మనసుకు పట్టిన ఒక్క ఘట్టాన్ని తలచుకుని మొత్తానికి మార్కులు వేసేయడం అందరూ చేసే పని. ‘ది గేట్స్ ఆఫ్ డెలీరియమ్’ దాదాపు 22 నిమిషాలు. చివర్లో వచ్చే ‘సూన్’ అనే ప్రశాంతమైన భాగం వింటే ఎవరైనా కరిగిపోతారు, దాన్ని విడిగా సింగిల్‌గానూ వేశారు. కానీ మీరు మార్కులు వేయాల్సింది దాని ముందున్న యుద్ధానికి కూడా. ఆ యుద్ధపు మోతలో పాత కార్ల ఇనప సామాను చప్పుళ్లు కూడా ఉన్నాయి. ఒక ప్రశ్న వేసుకోండి: ఇందులో ఎన్ని నిమిషాలు కత్తిరించినా నాకు లోటు తెలియదు? ‘క్లోజ్ టు ది ఎడ్జ్’లో దాదాపు నాలుగు నిమిషాల దాకా పాట ఎత్తుకోరు. పక్షుల కిలకిల, నీటి చప్పుడు, వాటిలోంచి విరుచుకుపడే గిటార్, అంతే. అయినా అక్కడ ఒక్క నిమిషం తీసినా గొంతు వచ్చినప్పటి ఊరట పోతుంది. అందుకే అది పొడుగు కాదు. మూడు నిమిషాల పాటలో నిమిషం దండగైతే అదే పొడుగు.

ప్రశ్న: నా జాబితాలో ‘టేల్స్’ పాటలు నాలుగూ అట్టడుగునే ఉంటున్నాయి. నాకు ఓపిక లేకా, పాటల్లో పస లేకా?

జవాబు: కొంత మీరు వినే తీరు వల్ల. 1973 చివర్లో ఇది రెండు ఎల్‌పీల సెట్‌గా వచ్చింది, నాలుగు వైపులా నాలుగు పాటలు, మొత్తం 80 నిమిషాల పైనే. ప్రతి 20 నిమిషాలకూ లేచి రికార్డు తిప్పాలి, లేదా మార్చాలి. ఆ విరామం ఇప్పుడు లేదు. ఏకబిగిన వింటే మూడో పాట ‘ది ఏన్షెంట్’ దగ్గరికి వచ్చేసరికి చెవులు అలిసిపోతాయి, దెబ్బ దానికి తగులుతుంది. రోజుకొకటి చొప్పున వినండి. నాలుగో పాట ‘రిచువల్’తో మొదలుపెట్టండి, నాలుగింటిలోకీ కట్టుబాటు ఎక్కువున్నది అదే. తరవాత మొదటిది ‘ది రివీలింగ్ సైన్స్ ఆఫ్ గాడ్’.

పరమహంస యోగానంద ‘ఒక యోగి ఆత్మకథ’లో శాస్త్రాల గురించి ఒక పాదసూచిక ఉంది. ఆండర్సన్ దాన్ని చదివి శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అనే నాలుగింటి చుట్టూ ఈ నాలుగు పాటల్నీ అల్లాడు. మనకు ఆ మాటలు పరిచయం కాబట్టి రెండు రకాల పొరపాటుకు వీలుంది. మన విషయమే కదా అని మురిసి రెండు మెట్లు ఎక్కించడం ఒకటి, పాటలో ఆ శాస్త్రం ఎక్కడుందని నిలదీసి రెండు మెట్లు దించడం ఇంకొకటి. పాటల మాటల్లో స్మృతులూ పురాణాలూ వెతికితే దొరకవు. సంగీతానికి మార్కులు వేసి ఊరుకోండి.

అంతా విన్నాక కూడా రెండో పాట ‘ది రిమెంబరింగ్’ కిందనే ఉంటే దాన్ని అక్కడే ఉండనివ్వండి. కీబోర్డుల పరుపు మీద నెమ్మదిగా సాగే ఆ పాటకు అంత నిడివి అక్కర్లేదన్న మాట కాదనలేం. ‘ది ఏన్షెంట్’ సంగతి వేరు. ముందు సగంలో డప్పుల మోత, జారే గిటార్ కరకరలాడతాయి, చివర్లో ఒంటి గిటార్ మీద చక్కటి పాట వస్తుంది. ఆ చివరిదాని కోసం మొత్తాన్ని పైకి తోయకండి.

ప్రశ్న: ఒకే పాట నాలుగైదు రకాలుగా దొరుకుతోంది. రీమాస్టర్, రీమిక్స్, లైవ్, సింగిల్... దేనికి ర్యాంకు ఇవ్వాలి?

జవాబు: ఆల్బమ్‌లో వచ్చిన స్టూడియో రూపానికి, ఒకే మిక్స్‌లో. విడివిడిగా రికార్డు చేసిన గొంతుల్నీ వాద్యాల్నీ కలిపిన తీరే మిక్స్; వాటిని కొత్తగా కలిపితే రీమిక్స్, కలిపి ఉన్నదాన్నే మెరుగుపెడితే రీమాస్టర్. ఎంచుకునేముందు నిడివి చూడండి. ‘రౌండబౌట్’ ఆల్బమ్‌లో ఎనిమిదిన్నర నిమిషాలు, సింగిల్ కోసం మూడున్నర నిమిషాల లోపుకు కోశారు. అమెరికాలో 13వ స్థానం దాకా వెళ్లింది ఆ కురచ రూపమే. ‘ది రివీలింగ్ సైన్స్ ఆఫ్ గాడ్’కు 2003 రీమాస్టర్‌లో మొదట్లో రెండు నిమిషాలు అదనంగా చేరాయి. సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ 2013 నుంచి వరసగా చేసిన రీమిక్స్‌లు శుభ్రంగా ఉంటాయి, కాకపోతే అవి అన్ని ఆల్బమ్‌లకూ లేవు. ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ రీమిక్స్‌నూ ‘డ్రామా’ పాత మిక్స్‌నూ పక్కపక్కన పెడితే పోలిక పాటల మధ్య జరగదు, మిక్స్‌ల మధ్య జరుగుతుంది. లైవ్ కావాలంటే 1973 నాటి మూడు ఎల్‌పీల ‘యెస్‌సాంగ్స్’ తీసుకుని దానికి వేరే జాబితా వేయండి. అందులో చాలా పాటలకు డ్రమ్స్ మీద బ్రూఫర్డ్ లేడు, అలన్ వైట్ ఉన్నాడు. లయ పడే తీరే మారిపోతుంది.

శబ్దం సమం చేయకపోతే మాత్రం అంతా వృథా. రెండు రికార్డింగులలో ఒకటి కాస్త గట్టిగా ఉంటే చెవి దాన్ని ‘గట్టిగా ఉంది’ అనుకోదు, ‘బాగుంది’ అనుకుంటుంది. ఒక్క డెసిబెల్ తేడా చాలు. కొత్త రీమాస్టర్లు పాత సీడీల కన్నా గట్టిగా ఉండడం మామూలే. ప్లేయర్‌లో శబ్దాన్ని సమం చేసే వాల్యూమ్ నార్మలైజేషన్ ఉంటే ఆల్బమ్ మోడ్‌లో పెట్టండి. ట్రాక్ మోడ్‌లో పెడితే ‘మూడ్ ఫర్ ఎ డే’ లాంటి నెమ్మది ముక్క కూడా ‘రౌండబౌట్’ అంత గట్టిగా వచ్చేస్తుంది.

ఫోన్ స్పీకర్ మీద విని ర్యాంకులు వేయొద్దు. స్క్వయర్ రికెన్‌బ్యాకర్ బేస్‌లో పై స్థాయి గరగర అందులోనూ వినిపిస్తుంది, దాంతో బేస్ అంతా వినిపిస్తోందనే భ్రమ కలుగుతుంది. బేస్ గిటార్ కింది తీగ 41 హెర్ట్జ్, ఆ స్థాయి చిన్న స్పీకర్లో పలకదు. ‘హార్ట్ ఆఫ్ ది సన్‌రైజ్’ మొదట్లో గిటార్ తప్పుకుని బేస్, డ్రమ్స్ మెల్లగా పెరుగుతూ వచ్చే చోటు ఫోన్‌లో బోసిగా ఉంటుంది, హెడ్‌ఫోన్స్‌లో అదే పాటకు ప్రాణం. ‘పర్పెచువల్ ఛేంజ్’లో బృందం ఒకేసారి రెండు వేర్వేరు సంగీతాలు వాయిస్తున్నట్టు ఎడమ చెవిలో ఒకటి, కుడి చెవిలో ఒకటి వినిపించే చోటుంది. ఒకే స్పీకర్‌లో అది ఉత్త గందరగోళం.

ప్రశ్న: ‘ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్’ను వదిలేస్తే యెస్ జాబితా ఎలా అవుతుంది?

జవాబు: 1984 జనవరిలో అమెరికాలో నంబర్ వన్ అయిన పాట, వదిలేయమని ఎవరంటారు? 1983 నాటి ‘90125’ ఆల్బమ్‌తో మొదలయ్యే ఇంకో జాబితాలో దాన్ని పైన పెట్టుకోండి. ట్రెవర్ రాబిన్ గిటార్‌తో ‘సినిమా’ అనే కొత్త పేరు పెట్టుకుని మొదలైన బృందం అది, యెస్ పేరు తరవాత వచ్చి చేరింది. ఆ పాటను ‘అవేకెన్’తో తూచడానికి ఉమ్మడి కొలబద్ద దొరకదు.

ప్రశ్న: మీ మొదటి పది చెప్పండి. ఆల్బమ్‌కొకటి చొప్పున తీస్తే అందరికీ న్యాయం చేసినట్టు ఉంటుందేమో కూడా చెప్పండి.

జవాబు: ‘క్లోజ్ టు ది ఎడ్జ్’, ‘హార్ట్ ఆఫ్ ది సన్‌రైజ్’, ‘అవేకెన్’, ‘అండ్ యు అండ్ ఐ’, ‘స్టార్‌షిప్ ట్రూపర్’, ‘ది గేట్స్ ఆఫ్ డెలీరియమ్’, ‘సైబీరియన్ ఖాత్రు’, ‘సౌత్ సైడ్ ఆఫ్ ది స్కై’, ‘రౌండబౌట్’, ‘రిచువల్’. పదకొండు ‘పర్పెచువల్ ఛేంజ్’, పన్నెండు ‘మెషిన్ మెస్సయ్యా’.

‘రౌండబౌట్’ తొమ్మిదో స్థానంలో ఉందని ఉత్తరాలు వస్తాయి, రానివ్వండి. వెనక్కి తిప్పిన పియానో స్వరం ఉబ్బుతూ వచ్చి గిటార్ దగ్గర తెగే ఆ మొదలు అద్భుతమే. కానీ అదే ఆల్బమ్‌లో ఉన్న ‘హార్ట్ ఆఫ్ ది సన్‌రైజ్’లో ఉరుము లాంటి వాద్యాల ముందు ఆండర్సన్ గొంతు పల్చగా, ఒంటరిగా నిలబడుతుంది. ఆ ఎడం ‘రౌండబౌట్’లో లేదు. ‘అవేకెన్’ను రెండో స్థానానికి తేవడానికి అడ్డుపడింది మధ్య భాగం. స్విట్జర్లాండ్‌లో వెవే చర్చిలోని ఆర్గన్‌ను వేక్‌మన్ వాయిస్తుంటే టెలిఫోన్ లైన్ మీద మాంట్రూ స్టూడియోకి పంపి రికార్డు చేశారు. ఆ ఆర్గన్ నిండుగా వచ్చేదాకా ఎదురుచూపు కాస్త సాగుతుంది, రెండు మూడుసార్లు విన్నాక అది తెలుస్తుంది. ‘స్టార్‌షిప్ ట్రూపర్’ చివరి భాగం ‘వుర్మ్’లో ఉన్నవి మూడే తీగకట్లు: జి, ఇ ఫ్లాట్, సి. వాటినే తిప్పి తిప్పి, పొర మీద పొర వేసి పైకి లేపారు. ఈ బృందం క్లిష్టంగా వాయించకుండా కూడా గెలవగలదనడానికి అదొక్కటి చాలు.

ఆల్బమ్‌కొకటి అనే న్యాయం పైన చూస్తేనే తేలిపోతుంది. పదిలో ఆరు పాటలు ‘ఫ్రాజైల్’, ‘క్లోజ్ టు ది ఎడ్జ్’లవే. ఆండర్సన్, స్క్వయర్, హౌ, వేక్‌మన్, బ్రూఫర్డ్ ఐదుగురూ 1970లలో కలిసి చేసిన స్టూడియో ఆల్బమ్‌లు ఆ రెండే. 1972లో ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ రికార్డింగ్ అవగానే బ్రూఫర్డ్ కింగ్ క్రిమ్సన్ అనే ఇంకో బృందానికి వెళ్లిపోయాడు. ఆల్బమ్‌కొకటే అని నియమం పెడితే ‘టోర్మాటో’ నుంచి ఒకటి తెచ్చి కూర్చోబెట్టడం కోసం ‘అండ్ యు అండ్ ఐ’ని బయటికి పంపాలి. అలాంటి జాబితా కొత్తగా వినేవాళ్లకు పరిచయంగా పనికొస్తుంది, ఇష్టాల వరసకు పనికిరాదు.

ప్రశ్న: మేమిద్దరం చెరో 20 పాటల జాబితా వేశాం. రెంటినీ కలిపి ఒకటి చేయడం ఎలా?

జవాబు: మొదటి పాటకు 20 మార్కులు, రెండోదానికి 19, అలా ఇరవయ్యోదానికి 1. ఒకరి జాబితాలో లేని పాటకు ఆ పక్క నుంచి సున్నా. కూడితే వరస వస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. మీరు ‘అవేకెన్’ను మొదట పెట్టి, అవతలివాళ్లు అసలు పెట్టకపోతే దానికి 20. ఇద్దరూ పదో స్థానంలో పెట్టిన ‘రౌండబౌట్’కు 11, 11 కలిపి 22. అంటే ఎవరికీ ప్రాణం కానిది, ఒకరికి ప్రాణమైనదాన్ని దాటిపోతుంది. అది నచ్చకపోతే మొదటి మూడు స్థానాలకూ 30, 26, 23 ఇచ్చి, నాలుగు నుంచి మామూలు లెక్క ప్రకారం 17, 16 అని దిగిరండి. ఏ లెక్క వాడేదీ జాబితాలు ఒకరికొకరు చూపించుకోకముందే ఖాయం చేసుకోండి. చూశాక ఎంచుకుంటే ఎవరి పాటకు లాభించే లెక్క వాళ్లకు న్యాయంగా కనిపిస్తుంది.